పాత వ్యాన్‌తో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప నుంచి తిరుమల వెళ్ళాలన్నా, నంద్యాల, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్ళాలన్నా, రాయచోటి దారిలో వేలూరు ఆసుపత్రికి పోవాలన్నా మధ్యలో ఘాట్ తప్పదు. ఈ దారుల్లో ఇప్పటికీ పాత ఓమ్నీలు, సుమోలు, క్వాలిస్‌లు, ట్రాక్స్‌లు, టెంపో ట్రావెలర్లు నిండా జనంతో ఎక్కుతూనే ఉన్నాయి. ఎండాకాలం మలుపు దగ్గర బానెట్ ఎత్తి, పొగలు కక్కుతున్న వ్యాన్ పక్కన చంటిపిల్లలతో నిలబడ్డ కుటుంబాలు కనిపిస్తాయి. ఆ పరిస్థితి చాలావరకు తప్పించగలిగేదే. ఘాట్‌లో కాగే ఇంజిన్లలో ఎక్కువ భాగానికి జబ్బు ముందే ఉంటుంది, ఎత్తు దాన్ని బయటపెడుతుంది అంతే. అందుకే ఇక్కడి జవాబుల్లో సగానికి పైగా ఇంటి దగ్గర చేసుకోవలసిన పనుల గురించే ఉన్నాయి.

మైదానంలో గంటల తరబడి నడిచినా ఇంజిన్ వేడి చూపించే ముల్లు కదలదు. ఘాట్‌లో పది నిమిషాలకే పైకి పోతుంది. ఎందుకు?

ఇంజిన్‌లో కాలే ఇంధనం అంతా చక్రాలకు చేరదు. ఉరామరికగా మూడో వంతు వేడి సైలెన్సర్ గుండా పోతుంది, ఇంకో మూడో వంతు దాకా కూలింగ్ నీళ్ళలోకి దిగుతుంది. సమతలం మీద అరవై వేగంతో పోయేటప్పుడు ఇంజిన్ తన శక్తిలో కొంత భాగమే వాడుతుంది కాబట్టి నీళ్ళలోకి దిగే వేడి కూడా తక్కువే. పైగా ఎదురుగాలి ఆ నీళ్ళను చల్లబరిచే రేడియేటర్‌ను బలంగా తాకుతుంది.

ఘాట్‌లో ఈ రెండూ తలకిందులవుతాయి. బండి బరువును పైకి మోయడానికి ఇంజిన్ దాదాపు పూర్తి శక్తితో పని చేస్తుంది, వేగం మాత్రం ఇరవై, ముప్పైకి పడిపోతుంది. వేడి పెరిగింది, గాలి తగ్గింది. రేడియేటర్ పూర్తి ఆరోగ్యంగా ఉంటే దీన్ని తట్టుకుంటుంది. లోపల గొట్టాల్లో మూడో వంతు పూడిపోయి ఉంటే మైదానంలో ఆ లోటు తెలియదు, ఘాట్‌లో మాత్రం దాచుకోలేదు.

మన ఎండ కూడా కలుస్తుంది. రేడియేటర్ వేడిని వదలడం లోపలి నీళ్ళకూ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. నీళ్ళు 90 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు అయితే తేడా 65. అదే కడపలో మే నెల మధ్యాహ్నం గాలి 43 డిగ్రీలుంటే తేడా 47 మాత్రమే. అంటే బండిలో ఏమీ చెడకుండానే రేడియేటర్ శక్తి పావు వంతుకు పైగా తగ్గిపోయింది. జనవరిలో నిక్షేపంగా ఎక్కిన వ్యాన్ మే నెలలో అదే మలుపు దగ్గర కాగడానికి కారణం ఇదే.

మన చుట్టుపక్కల ఏ ఘాట్ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి?

కడప నుంచి రాయచోటి వైపు పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్. ఇది జాతీయ రహదారి 40 మీద ఉంది, లారీలు ఎక్కువ. పాలకొండల మీదికి ఎక్కే ఈ దారిలో బరువు లారీ వెనక ఇరుక్కుంటే నడక వేగంతో పాకాల్సి వస్తుంది, అప్పుడు గాలి అసలే తగలదు.

తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే రెండో ఘాట్ రోడ్డు 1974లో మొదలైంది. సుమారు 18 కిలోమీటర్లు ఆగకుండా ఎక్కడమే కాబట్టి, మధ్యలో దిగుడు వచ్చి ఇంజిన్ చల్లబడే అవకాశం పెద్దగా ఉండదు.

దోర్నాల నుంచి శ్రీశైలం దారి దాదాపు 50 కిలోమీటర్లు. ఎత్తుపల్లాలు మారి మారి వస్తాయి. ఇంజిన్‌కు ఇది తిరుమల కంటే కొంత నయమే గానీ, మధ్యలో ఆగిపోతే మనకు కష్టం. నల్లమల అడవి, పులుల అభయారణ్యం, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, రాత్రి పూట అటవీ శాఖ గేట్లు మూసేస్తుంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాట్‌లోనూ సాయం త్వరగా దొరకదు. అనంతపురం వైపు నుంచి కదిరి మీదుగా హార్స్లీ హిల్స్ పోయేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కొండ ఎత్తు 1,200 మీటర్లకు పైమాటే. ఎత్తు పెరిగే కొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున.

ఏ గేరులో ఎక్కాలి? ఇంజిన్ గోల చేయకుండా పై గేరులో మెల్లగా పోతే మంచిది కాదా?

కాదు. ఘాట్‌లో ఎక్కువ మంది చేసే పొరపాటు ఇదే. ఇంజిన్ అరుస్తోందని జాలిపడి మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుంటారు. ఇంజిన్ తక్కువ తిరుగుతూ ఎక్కువ బరువు లాగుతుంది. వాటర్ పంపు ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది, పాత డీజిల్ బండ్లలో ఫ్యాన్ కూడా అంతే. ఇంజిన్ చుట్లు పడిపోతే నీళ్ళ ప్రవాహం, గాలి రెండూ పడిపోతాయి. సరిగ్గా ఆ సమయంలోనే సిలిండర్లలో వేడి ఎక్కువ పుడుతుంది.

రెండో గేరులో సగం యాక్సిలరేటర్‌తో ఎక్కితే చప్పుడు ఎక్కువ వస్తుంది, ఇంజిన్ మాత్రం సుఖంగా ఉంటుంది. పంపు వేగంగా నీళ్ళు తిప్పుతుంది, ఫ్యాన్ బలంగా లాగుతుంది. పెట్రోల్ ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్ల చుట్టుపక్కల, డీజిల్ రెండు వేలు దాటి తిరుగుతుంటే భయపడాల్సిన పని లేదు.

చుట్లు చూపించే మీటర్ పాత వ్యాన్లలో ఉండదు కాబట్టి చెవిని, కాలిని నమ్ముకోవాలి. యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కినా వేగం పెరగడం లేదంటే గేరు తగ్గించండి. బండి గుడగుడమని వణుకుతుంటే అప్పటికే ఆలస్యమైంది. మలుపు మధ్యలో కష్టపడి గేరు మార్చడం కంటే, మలుపు కనిపించగానే ముందే మార్చుకోవడం మేలు. క్లచ్ సగం నొక్కి బండిని నిలబెట్టే అలవాటు ఉంటే మానేయండి. క్లచ్ జారితే కాలిన వాసన వస్తుంది, ఇంజిన్ శక్తి అక్కడే వృథా అవుతుంది.

ముందు లారీ ఉంటే దానికి అతుక్కుని పోవద్దు. దాని వేడి గాలి, పొగ అంతా మీ రేడియేటర్‌లోకే వస్తాయి. దూరం ఉంచుకోండి. వెనకవాళ్ళు హారన్ కొట్టినా సరే.

ఏసీ వేసుకోవచ్చా?

ఎక్కేంతసేపు ఆపేయండి. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది. అది వదిలిన వేడి గాలే రేడియేటర్‌కు అందుతుంది, కంప్రెసర్ బరువు కూడా ఇంజిన్ మీదే పడుతుంది.

ముల్లు పైకి పోతుంటే హీటర్ ఉన్న బండ్లలో దాన్ని పూర్తి వేడి మీద పెట్టి బ్లోయర్ వేసి, కిటికీలన్నీ తెరవండి. హీటర్ అంటే లోపల ఉన్న ఇంకో చిన్న రేడియేటర్. మే నెలలో మనుషులకు నరకమే గానీ, కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది. పసిపిల్లలు, ముసలివాళ్ళు, రోగులు ఉంటే ఈ పని చేయకుండా బండి ఆపడమే నయం.

మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు? మామూలు నీళ్ళు పోస్తే పోదా?

ఈ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబు కావాలి, ఎందుకంటే రాయలసీమలో పాత వ్యాన్ల రేడియేటర్లను చంపేది బోరు నీళ్ళే.

మన బోరు నీళ్ళలో సున్నం, ఉప్పు ఎక్కువ. స్టీలు బిందెలో నాలుగు రోజులు కాస్తే అడుగున తెల్లటి గార కడుతుంది. అదే గార రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, ఇంజిన్ బ్లాక్ లోపలి దారుల్లో కడుతుంది. లోహంతో పోలిస్తే గార వేడిని చాలా తక్కువగా దాటనిస్తుంది. గొట్టం సన్నబడటం ఒక నష్టం, గోడ నుంచి వేడి బయటికి రాకపోవడం ఇంకో నష్టం. దీనికి తుప్పు తోడైతే నీళ్ళు ఎర్రగా బురదలా మారతాయి.

కూలెంట్ మంచు దేశాల కోసమే అన్నది అపోహ. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పు పట్టకుండా ఆపడం, వాటర్ పంపు సీలును కాపాడటం, మరిగే ఉష్ణోగ్రతను పెంచడం మనకు అవసరమైన పనులు. సగం కూలెంట్, సగం నీళ్ళు కలిపితే రేడియేటర్ మూత నిలిపే ఒత్తిడి లేకుండానే మరుగు స్థానం ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది.

అలాగని చిక్కటి కూలెంట్‌ను నీళ్ళు కలపకుండా పోయకూడదు. నీళ్ళు మోసినంత వేడిని కూలెంట్‌లోని గ్లైకాల్ మోయలేదు. చిక్కదనం పెరిగితే ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. డబ్బా మీద ‘నేరుగా వాడవచ్చు’ అని ఉంటే అలాగే పోయండి. కలపాలని ఉంటే చెప్పిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి. బ్యాటరీలకు పోసే నీళ్ళు అన్ని ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతాయి. అవి లేకపోతే ఆర్‌వో నీళ్ళు బోరు నీళ్ళ కంటే ఎంతో మేలు. రంగులు వేరైన కూలెంట్లను కలపవద్దు, కొన్ని కలిస్తే అడుగున జిగురులా పేరుకుంటాయి. మామూలు రకం కూలెంట్‌ను రెండేళ్ళకోసారి మార్చాలి, బండి నడవకుండా ఉన్నా సరే.

ఒక హెచ్చరిక. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. తీసిన పాత కూలెంట్‌ను వాకిట్లో పారబోయవద్దు. పిల్లలు ముట్టుకుంటారు, కుక్కలు నాకి చచ్చిపోతాయి.

రేడియేటర్ ఇప్పటికే పూడిపోయిందని ఎలా తెలుస్తుంది?

మూత తీసి టార్చ్ వేసి చూడండి, ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాత మాత్రమే. గొట్టాల నోళ్ళ దగ్గర తెల్లటి, ఎర్రటి పొర కనిపిస్తే లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉన్న మెకానిక్ అయితే ఇంజిన్ వేడి మీద రేడియేటర్ ముఖం అంతా కొలిచి చూస్తాడు. మధ్యలో ఒక చోట బాగా చల్లగా ఉందంటే అక్కడ నీళ్ళు పారడం లేదని అర్థం.

పాత ఇత్తడి, రాగి రేడియేటర్‌ను ట్యాంకులు విప్పి, గొట్టాల్లో సన్న కడ్డీలు దూర్చి శుభ్రం చేసి మళ్ళీ టంకం పెట్టవచ్చు. ఈ పని తెలిసిన పాతకాలపు పనివాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకుల రేడియేటర్ అయితే బాగా పూడాక కొత్తది వేసుకోవడమే మంచిది. ఘాట్‌లో ఇంజిన్ హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) పోతే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తం.

రేడియేటర్ మూతలో ఏముంటుంది? ఏదో ఒక మూత పెడితే సరిపోదా?

సరిపోదు. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మీది వెయిట్ లాంటిది. 0.9 బార్ (ఒత్తిడి కొలత) మూత సరిగా పని చేస్తే మామూలు నీళ్ళు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు ఎండిపోయినా, స్ప్రింగ్ సడలినా ఒత్తిడి నిలవదు, నీళ్ళు వందకే మరిగి బయటికి తన్నుకొస్తాయి. చాలా బండ్లలో పెద్ద రిపేరు చేయించే ముందు మార్చి చూడాల్సిన వస్తువు ఇదే.

చిన్న పరీక్ష ఉంది. బండి వేడెక్కినప్పుడు రేడియేటర్‌కు పైపుతో కలిపిన పక్క బాటిల్‌లో నీళ్ళ మట్టం పెరగాలి, రాత్రంతా చల్లారాక మళ్ళీ తగ్గాలి. పెరిగిన మట్టం పెరిగినట్టే ఉండి రేడియేటర్ మాత్రం వెలితిగా ఉంటే మూత చెడింది, లేదా బాటిల్ పైపులో చిల్లు ఉంది. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే తీసుకోండి. ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే పాత పైపులు పగులుతాయి.

మెకానిక్ థర్మోస్టాట్ తీసేయమంటున్నాడు. ‘మన ఎండలకు అది ఎందుకన్నా’ అంటున్నాడు. తీసేయవచ్చా?

వద్దు. ఈ సలహా మన ఊళ్ళలో ఎంతగా పాతుకుపోయిందంటే, సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత వ్యాన్‌లో థర్మోస్టాట్ ఉందో లేదో ముందు చూడాల్సి వస్తోంది.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు పోయే నీళ్ళ దారిలో ఉండే చిన్న తలుపు. చల్లటి ఇంజిన్‌లో అది మూసుకుని ఉంటుంది, 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. పూర్తిగా తెరుచుకున్నాక దారికి అడ్డం ఉండదు. చాలా ఇంజిన్లలో అది ఇంకో పని కూడా చేస్తుంది. తాను తెరుచుకునేటప్పుడు, నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోనే తిరిగే అడ్డదారిని మూసేస్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. సరిగ్గా ఘాట్‌లో, ప్రతి చుక్కా చల్లబడాల్సిన సమయంలో, ఇది దెబ్బ కొడుతుంది. మామూలు రోజుల్లో ఇంజిన్ తగినంత వేడెక్కక పెట్రోల్, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి.

థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుంటే ఇంజిన్ కాగుతుంది, నిజమే. అప్పుడు చేయాల్సింది కొత్తది వేయడం. పాతదాన్ని గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి చూడవచ్చు, నీళ్ళు మరిగేలోపే నోరు తెరవాలి. తెరవకపోతే పారేయండి. మెకానిక్‌తో గొడవ అక్కర్లేదు, ‘కొత్తది తెచ్చాను, వేసిపెట్టన్నా’ అంటే చాలు.

ఫ్యాన్‌లో ఏం చూడాలి?

బెల్టుతో తిరిగే ఫ్యాన్ అయితే ముందు బెల్టు. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త కిందికి దిగాలి. ఎక్కువ వదులుగా ఉంటే జారుతుంది, కీచుమంటుంది. మరీ బిగిస్తే వాటర్ పంపు బేరింగ్ పోతుంది. లోపలి వైపు తిప్పి పగుళ్ళు చూడండి.

సుమో, క్వాలిస్ లాంటి బండ్లలో ఫ్యాన్ మధ్యలో జిగురు నూనెతో పనిచేసే విస్కస్ క్లచ్ ఉండవచ్చు. అది చెడితే ఇంజిన్ వేడిగా ఉన్నా ఫ్యాన్ బద్ధకంగా తిరుగుతుంది. ఇంజిన్ ఆపి ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. వేడి మీద ఆపిన ఫ్యాన్ కాస్త బిగువుగా కదలాలి. ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగిందంటే క్లచ్ పని అయిపోయింది. నడిచే ఇంజిన్ దగ్గర చేతులు, చున్నీ, లుంగీ అంచు ఏవీ ఫ్యాన్ దగ్గరికి పోనివ్వకండి.

కరెంటు ఫ్యాన్ అయితే బండిని నిలబెట్టి ముల్లు సగం దాటేదాకా నడవనిచ్చి, ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుందో లేదో చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, రేడియేటర్ మీది స్విచ్ ఈ వరసలో చూడమనండి.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగితే చాలామంది తీసి పారేస్తారు. ఆ తొడుగు లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా కాకుండా పక్కల నుంచి గాలి లాగుతుంది. తక్కువ వేగంలో నడిచే ఘాట్‌లో ఈ నష్టం బాగా తెలుస్తుంది.

రేడియేటర్ బయటి వైపు కూడా కడగాలా?

తప్పకుండా. అనంతపురం వైపు వేరుశనగ పొట్టు, నంద్యాల వైపు వానాకాలం నల్లరేగడి బురద, రాత్రి ప్రయాణాల్లో పురుగులు, అన్నీ రేడియేటర్ సన్నటి రేకు రెక్కల మధ్య ఇరుక్కుంటాయి. ఇంజిన్ చల్లారాక, ఫ్యాన్ వైపు నుంచి ముందుకు మామూలు పైపుతో నీళ్ళు కొట్టండి. సర్వీసింగ్ సెంటర్లలో వాడే బలమైన ప్రెషర్‌తో దగ్గర నుంచి కొడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది. ముందు గ్రిల్‌కు కట్టిన పెద్ద దేవుడి పటం, పూలదండలు, అదనపు లైట్లు, పార్టీ బోర్డు ఘాట్ ఎక్కే ముందు పక్కకు మార్చండి.

మాది పాత ఓమ్నీ. గ్యాస్ మీద నడుస్తుంది. ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

మూడు విషయాలు.

ఓమ్నీలో 796 సీసీ ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ఆవిరి చిమ్మితే అది మీ కాళ్ళ దగ్గరే. అందుకే వేడి వాసన వచ్చినా, సీటు మామూలు కంటే ఎక్కువ కాలుతున్నట్టు అనిపించినా ముల్లు ఏం చెప్పినా ఆపండి. సీటు వెంటనే ఎత్తవద్దు.

నీళ్ళు మార్చాక లోపల గాలి బుడగలు ఇరుక్కోకుండా చూసుకోవాలి. మూత తీసి ఉంచి, చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకుని రేడియేటర్ పై పైపు వేడెక్కేదాకా నడవనివ్వాలి. బుడగలు వచ్చే కొద్దీ మట్టం దిగుతుంది, పోస్తూ ఉండాలి. ఈ పనికి అరగంట పట్టినా తొందరపడవద్దు. రేడియేటర్ నిండుగా కనిపించినా హెడ్ దగ్గర గాలి ఉంటే అక్కడ లోహం కాలిపోతుంది.

గ్యాస్ కిట్‌లో గ్యాస్‌ను ఇంజిన్‌కు తగ్గట్టు మార్చే వేపరైజర్ ఇంజిన్ వేడి నీళ్ళతోనే వెచ్చగా ఉంటుంది. దాని మీద మంచు పేరుకుంటోందంటే కూలెంట్ తగ్గిందని, లేదా దానికి నీళ్ళు అందడం లేదని అర్థం. గ్యాస్ పాళ్ళు తక్కువగా సెట్ చేసి ఉన్నా బరువు మీద వేడి పెరుగుతుంది. నిండా జనంతో ఎక్కేటప్పుడు పెట్రోల్ మీదికి మార్చుకోవడం మంచిది, ఇంధన ట్యాంకులో కాస్త పెట్రోల్ ఉంచుకోండి.

ముల్లు ఎక్కడికి వస్తే ఆపాలి?

ఎర్ర గీత కోసం ఎదురు చూడవద్దు. మీ బండి ముల్లు రోజూ ఎక్కడ నిలుస్తుందో మీకు తెలుసు. అది దాటి పైకి కదలడం మొదలైందంటే యాక్సిలరేటర్ తగ్గించి, గేరు దించి, ఏసీ ఆపండి. అయినా పెరుగుతూనే ఉంటే వెడల్పుగా ఉన్న చోటు చూసి ఆగండి. మలుపులో ఆపవద్దు.

పాత బండ్ల మీటర్లు అబద్ధం చెబుతాయని కూడా గుర్తుంచుకోవాలి. నీళ్ళు బాగా తగ్గిపోతే సెన్సర్ నీళ్ళలో కాకుండా ఆవిరిలో ఉంటుంది. అప్పుడు ముల్లు పెరగకపోగా ఉన్నట్టుండి పడిపోవచ్చు. ఎత్తు ఎక్కుతుండగా ముల్లు కిందికి జారితే ‘చల్లబడింది’ అని సంతోషించకండి. వెంటనే ఆపండి.

ఆపాక ఇంజిన్ కూడా ఆపేయాలా, నడవనివ్వాలా?

రెండు సందర్భాలు వేరు. ముల్లు కొంచెం పెరిగింది, ఆవిరి లేదు, కారడం లేదు, ఫ్యాన్ తిరుగుతోంది అంటే ఇంజిన్‌ను న్యూట్రల్‌లో కొద్దిగా ఎక్కువ చుట్లతో రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి. బరువు లేదు, పంపు, ఫ్యాన్ తిరుగుతున్నాయి, వేడి దిగుతుంది. ఉన్నపళంగా ఆపితే నీళ్ళు నిలిచిపోయి హెడ్‌లోని వేడి అక్కడే ఉండిపోతుంది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి కోవా కొనడానికి ఆగినప్పుడు కూడా ఈ రెండు నిమిషాలు ఇవ్వండి.

ఆవిరి వస్తోంది, ముల్లు ఎర్రలో ఉంది, బెల్టు తెగింది, నీళ్ళు కారిపోయాయి అంటే వెంటనే ఆపండి. నీళ్ళు లేని ఇంజిన్ నిమిషాల్లో పాడవుతుంది. చక్రాలకు రాళ్ళు పెట్టి, జనాన్ని బండ్లు పోయే దారికి దూరంగా, రెయిలింగ్ దాటి లోయ వైపు పోకుండా నిలబెట్టండి.

మూత ఎప్పుడు తీయవచ్చు? నీళ్ళు ఎలా పోయాలి?

కనీసం అరగంట, వీలైతే నలభై ఐదు నిమిషాలు ఆగండి. గడియారం కంటే పై పైపు మంచి సాక్షి. దాన్ని నొక్కి చూస్తే మెత్తగా ఉండాలి, చేత్తో పట్టుకోగలిగేలా ఉండాలి. గట్టిగా బిగిసి ఉంటే లోపల ఒత్తిడి ఉంది. లోపల 110 డిగ్రీల నీళ్ళుంటే, మూత తీసి ఒత్తిడి పోగొట్టగానే అవి ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. మూత మీద తడిగుడ్డ వేసి తీస్తే ఏమీ కాదనుకోవడం ప్రమాదం. ఆ గుడ్డ వేసుకుని ముఖం, చేతులు కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు.

చల్లారాక మందపాటి గుడ్డతో, ముఖం పక్కకు పెట్టుకుని, మొదటి మెట్టు దాకా తిప్పి ఆగండి. శబ్దం ఆగాక పూర్తిగా తీయండి. నీళ్ళు కొద్దికొద్దిగా, ఇంజిన్ నడుస్తుండగా పోస్తే మంచిది. కాలుతున్న ఇంజిన్ మీద గానీ రేడియేటర్ మీద గానీ చల్లటి నీళ్ళు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది, లేదా వంకర పోతుంది. దారిలో మరేమీ దొరక్కపోతే బోరు నీళ్ళే పోసుకోండి, అది ఆపద్ధర్మం. ఇల్లు చేరాక తీసేసి కడిగి మళ్ళీ కూలెంట్ పోయాలి.

ఎప్పుడు బయలుదేరితే మేలు? బరువు సంగతేమిటి?

మార్చి నుంచి జూన్ దాకా ఘాట్‌ను ఉదయం తొమ్మిది లోపల ఎక్కేలా చూసుకోండి. పెళ్ళి సామాను, బియ్యం మూటలు, నెయ్యి డబ్బాలు పైన కట్టి, లోపల సీట్లకు మించి కూర్చోబెట్టి ఎక్కితే ఎంత మంచి రేడియేటరూ చాలదు. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. బ్రేకులు పట్టుకుని వదలకపోతే అదీ ఇంజిన్‌కు బరువే. కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేక్ పట్టేస్తోంది.

వ్యాన్‌లో ఏం ఉంచుకోవాలి?

పది లీటర్ల నీళ్ళ క్యాన్, అర లీటరు కూలెంట్, సరైన కొలత ఫ్యాన్ బెల్టు, రెండు హోస్ క్లిప్పులు, స్క్రూడ్రైవర్, స్పానర్లు, టార్చ్, మందపాటి గుడ్డ, చక్రాలకు పెట్టే రెండు చెక్క దిమ్మలు. తాగే నీళ్ళు వేరుగా. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033, ఎక్కడైనా అత్యవసరమైతే 112.

దిగేటప్పుడు ఇంజిన్ ఆపేస్తే చల్లబడుతుంది కదా?

ఎప్పుడూ ఆపవద్దు. ఇంజిన్ ఆపితే బ్రేక్ బూస్టర్, పవర్ స్టీరింగ్ పోతాయి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. గువ్వలచెరువు ఘాట్‌లో కడప వైపు దిగేటప్పుడు బ్రేకులు కాలి పట్టు తప్పిన బరువు బండ్లతో ప్రమాదాలు జరిగాయి.

ఒకసారి బాగా కాగింది. నీళ్ళు పోశాక మామూలుగానే నడుస్తోంది. అలాగే వాడుకోవచ్చా?

వెంటనే ఇంకో ఘాట్‌కు తీసుకెళ్ళవద్దు. హెడ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, దెబ్బతిన్నా కొన్నాళ్ళు మైదానంలో మామూలుగానే నడుస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మూత తీసి స్టార్ట్ చేయండి, నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి దూరుతోందని అనుమానించాలి. డిప్‌స్టిక్ మీద, ఆయిల్ మూత కింద నూనె తెల్లబడి నురగ కట్టి ఉన్నా, సైలెన్సర్ నుంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తున్నా, ఎక్కడా కారకుండానే రోజూ నీళ్ళు తగ్గుతున్నా, స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై పైపు రాయిలా బిగుసుకున్నా అదే జబ్బు.

ఈ లక్షణాలేవీ లేకపోయినా రేడియేటర్, మూత, ఫ్యాన్, థర్మోస్టాట్ ఈ నాలుగూ చూపించి, కాగడానికి కారణం దొరికేదాకా వదలకండి. ఇంజిన్ ఆయిల్ కూడా మార్చండి, విపరీతమైన వేడికి అది పలుచబడి పట్టు కోల్పోతుంది. హెడ్ విప్పాల్సి వస్తే గాస్కెట్ మార్చి మూసేయకుండా, లేత్ షాపులో హెడ్ వంకర ఉందో లేదో కొలిపించి, అవసరమైతే సాపు చేయించాకే బిగించమనండి. వంకర హెడ్ మీద వేసిన కొత్త గాస్కెట్ మళ్ళీ మొదటి ఘాట్‌లోనే పోతుంది.